రోగనామం లేనివారు కూర్చోరాదు

పార్కు గేటు దాటగానే పచ్చరంగు బోర్డు ఒకటి కనిపిస్తుంది. దాని మీద తెల్ల అక్షరాలతో ఇలా రాసి ఉంది:

"ఉదయ నడక సంఘం. నీడలోని బెంచీపై కూర్చునే హక్కు రోగనామం కలవారికి మాత్రమే. రోగనామం లేనివారు కూర్చోరాదు, ఆనుకోరాదు, కూర్చున్నవారిని ఆశగా చూస్తూ నిలబడరాదు. కార్యవర్గ ఆజ్ఞానుసారం."

ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఆ పార్కులో నడిచే బాట ఒకటి, బెంచీలు పదకొండు, నీడ ఒకటి. పదకొండింట్లో పదింటికి ఇనప కాళ్లే మిగిలాయి. చెక్కలు ఎవరి పొయ్యిలోకి పోయాయో విచారణ జరుగుతోంది. పోనీ గడ్డి మీద కూర్చుందామంటే, గడ్డి మీద కూర్చోరాదని తోటల శాఖ వారి బోర్డు వేరే ఉంది. గడ్డి ఎండిపోయి నాలుగేళ్లయింది గాని, బోర్డు మాత్రం ఏటా రంగు వేయించుకుని నిగనిగలాడుతోంది.

సంఘం ఏర్పడక ముందు ఆ ఒక్క బెంచీ మీద అలిసినవాళ్లు కూర్చునేవారు. అలుపు తీరగానే లేచి ఇంకొకరికి చోటిచ్చేవారు. ఇంత అడ్డగోలు పద్ధతి ఎన్నేళ్లు సాగిందో తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎవరు అలిశారు, ఎందుకు అలిశారు, నిజంగానే అలిశారా అనడానికి రాతపూర్వకమైన ఆధారం ఒక్కటీ ఉండేది కాదు.

ఈ అరాచకాన్ని రూపుమాపిన మహానుభావుడు సంఘం అధ్యక్షుడు. ఆయన ఒక కచేరీలో హెడ్ గుమస్తాగా రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ల పాటు దరఖాస్తులు వెనక్కి పంపిన అనుభవం ఇంట్లో కూర్చుని తుప్పు పట్టించుకోవడం ఇష్టం లేక పార్కుకు అంకితం చేశాడు. ఆయనకు దారి చూపింది ఒక పుస్తకం. మందుల కంపెనీ మనిషి ఎవరో నడకకు వచ్చి బెంచీ మీద మరిచిపోయి వెళ్లాడు. పేరు 'వైద్య పదావళి'. మొదటి అధ్యాయం ధమనుల జబ్బులు, రెండోది కదలికల లోపాలు, మూడోది క్రీడాకారుల ఆరోగ్యం. నాలుగో అధ్యాయం నుంచి వానకు తడిసి ఊడిపోయింది. అందుచేత మనుషులకు వచ్చే రోగాలు మూడే రకాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పటికే సభ్యులుగా ఉన్న మూత్రపిండాల ఆయన్ను, కంటి శుక్లాల ఆవిడను సగౌరవంగా పిలిచి, వేరే పార్కు చూసుకోమన్నారు. ఆవిడకు వేరే పార్కు కనబడలేదు, అది వేరే సంగతి.

ప్రతి సభ్యుడికీ మఖమల్ గుడ్డ మీద బంగారు రంగు దారంతో రోగనామం కుట్టిన బ్యాడ్జీ ఉంటుంది. పేరు పొడుగును బట్టి బెంచీ మీద చోటు. పొడుగు పేరువాళ్లు చిక్కటి నీడలో, పొట్టి పేరువాళ్లు అంచున, ఒక భుజం ఎండకు వదిలేసి కూర్చోవాలి. పేరు డాక్టర్ల భాషలో ఉండాలి. వాడుక మాటల్లో ఉంటే చెల్లదు.

అధ్యక్షుడి బ్యాడ్జీ మీద 'కరోనరీ ఆర్టరీ డిసీజ్' అని ఉంటుంది. నిజానికి అది ఆయన అన్నగారిది. అన్నగారు పోయాక అంత మంచి పేరు ఇంట్లో ఖాళీగా పడి ఉండడం చూడలేక, కారుణ్య నియామకం కింద తమ్ముడు స్వీకరించాడు. మీ గుండె రాయిలా ఉందండీ అని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఆయన చలించలేదు.

డ్రిల్లు మాస్టారిది 'అథ్లెటిక్ హార్ట్ సిండ్రోమ్'. యాభై ఏళ్లు పరిగెత్తి పరిగెత్తి ఆయన గుండె పెద్దదై, నాడి నిమిషానికి నలభై ఆరుకు దిగింది. ఇది జబ్బు కాదు మాస్టారూ, ఈ వయసులో ఇంత ఆరోగ్యం అరుదు అని ఆసుపత్రిలో చెప్పారు. కాని పేరు చివర సిండ్రోమ్ ఉంది కదా! ఆ విధంగా పార్కు మొత్తానికి అందరికన్నా నిక్షేపంగా ఉన్న మనిషికి బెంచీ నడిమధ్య, చిక్కటి నీడలో చోటు దక్కింది. ఆయన కూర్చునేది కూడా లేదు. తన చోట్లో తువ్వాలు పరిచి, బాట చుట్టూ పరిగెడుతూ ఉంటాడు. తువ్వాలు విశ్రాంతి తీసుకుంటుంది.

ఇక దర్జీ. బ్యాడ్జీలన్నీ కుట్టింది ఆయనే. కుడుతూ ఉండగానే చేతులు వణకడం మొదలై, చివరికి తన బ్యాడ్జీ మీద తానే 'పార్కిన్సన్స్ డిసీజ్' అని కుట్టుకున్నాడు. సంఘంలో నికరంగా జబ్బున్నవాళ్లలో ఆయన ఒకడు కాబట్టి ఆయన మాటకు పెద్దగా విలువ లేదు.

ఇంత పద్ధతిగా నడుస్తున్న సంఘానికి ఒక చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కు పేరు పోస్టాయన.

పోస్టాయన ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు పంచాడు. సైకిల్ ఇస్తామన్నా పుచ్చుకోలేదు, కాళ్లుండగా చక్రాలెందుకన్నాడు. మాట తక్కువ మనిషి. పొద్దస్తమానం ఇతరుల మాటలు మోసీ మోసీ తన మాటలు మరిచిపోయాడని ఆయన భార్య అంటుంది. దర్జీకి ఆవిడ సొంత అక్క. రిటైరయ్యాక పోస్టాయనకు మిగిలిన సరదాలు రెండే: పొద్దున్నే పార్కు చుట్టూ నాలుగు చుట్లు, ఇంటికెళ్లాక మూడు సిగరెట్లు.

ఆ ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఒక కాలి పిక్క పట్టేయడం మొదలెట్టింది. నడక మొదలెట్టిన రెండొందల అడుగులకు సరిగ్గా ఎవరో లోపల తాడు కట్టి మెలిపెట్టినట్టు అయ్యేది. ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. మళ్లీ రెండొందల అడుగులు, మళ్లీ తాడు. అడుగులు లెక్కపెట్టడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటు. గేటు నుంచి రెండొందల అడుగులంటే సరిగ్గా నీడ బెంచీ.

మొదటి రోజు ఆయన బోర్డు సంగతి మరిచిపోయి తువ్వాలు పక్కన కూర్చున్నాడు. అధ్యక్షుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"పోస్టాయనగారూ, గేటు దగ్గర బోర్డు చూశారా?"

"చూశానండి."

"చదివారా?"

"చదివానండి."

"మరి?"

"కాలు లాగుతోందండి."

"అది రోగమా?"

"నొప్పండి."

"నొప్పులు అందరికీ ఉంటాయండీ. ఇంతమందిమి నొప్పులని చెప్పి కూర్చుంటే నొప్పి ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? పేరు చెప్పండి."

"పేరు తెలీదండి."

"తెలిశాక కూర్చోండి. ఎవరు కాదన్నారు?"

దర్జీ వణికే చేత్తోనే పక్కకు జరిగి, "ఇటు రా బావా, నా చోట్లో సర్దుకుందాం" అన్నాడు.

"దర్జీగారూ!" అన్నాడు అధ్యక్షుడు. "ఆ చోటు మీ రోగానికి ఇచ్చింది. మీ బావగారికి కాదు."

పోస్టాయన లేచి దీపస్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నొప్పి తగ్గేదాకా సంఘం వారు ఆయన వైపు చూడకుండా మర్యాద పాటించారు. ఆకులు ఊడ్చే ఆమె మాత్రం చీపురు ఆపి చూసింది. ఆమెకు యాభై ఏళ్లు ఉంటాయి. ప్రతి ముప్ఫై అడుగులకూ చీపురు కర్ర మీద బరువు వేసి, ఒక పాదం నేలకు ఆనీ ఆనకుండా పెట్టి కాసేపు నిలబడుతుంది. సంఘం వారు ఆమెను బద్ధకస్తురాలి కింద జమకట్టి తోటల శాఖకు రెండు ఫిర్యాదులు పంపారు. "ఇంకో గంటకి వీళ్లంతా పోతారయ్యా. అప్పుడొచ్చి కూర్చోండి. నేను చూడలేదంటాలే" అందామె మెల్లగా. పోస్టాయన తల ఊపాడు. గంట తర్వాత నీడ అక్కడ ఉండదు.

ఈ వైనమంతా దర్జీ ద్వారా ఇంటికి చేరింది.

"ముప్ఫై నాలుగేళ్లు ఊరందరి గుమ్మాల ముందూ నిలబడ్డావు. పార్కులో కూడా నిలబడే ఉంటావా?" అంది భార్య. "పద, డాక్టరమ్మ దగ్గరికి. ఆ పేరేదో తెచ్చుకుని వాళ్ల మొహాన కొట్టు."

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అందువల్ల ఆమెకు రోగుల మాటలు వినే దురలవాటు ఇంకా పోలేదు. పోస్టాయన చెప్పిన నాలుగు ముక్కలూ విని, ప్యాంటు పైకి మడిచి, మోకాలి వెనక, మడమ దగ్గర, పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికింది. ఒక పాదంలో దొరికిన నాడి రెండో పాదంలో దొరకలేదు.

"తాతగారూ, మీ ఇంట్లో కుళాయి గొట్టం పాచి పట్టి సన్నబడితే ఏమవుతుంది?"

"నీళ్లు సన్నగా వస్తాయమ్మా."

"మీ కాలికి రక్తం తెచ్చే గొట్టం అలాగే పూడిపోతోంది. ఊరికే ఉన్నప్పుడు ఆ కాస్త సరిపోతుంది. నడిస్తే చాలదు. అందుకే ఆ నొప్పి. సిగరెట్టు ఇవాళే ఆఖరు. నడక మానొద్దు. నొప్పి రాగానే కూర్చోండి, తగ్గాక లేచి మళ్లీ నడవండి. ఎన్నిసార్లైనా సరే. పాదానికి దెబ్బ తగలనివ్వకండి; తగిలితే మానదు. ఈ చీటీ పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోండి. ఈ నెల్లోనే వెళ్లాలి, సరేనా?"

ఇదంతా ఆమె చీటీ మీద కూడా రాసింది. ముసలాయన చదువుకోవాలి గదా అని, గుండ్రటి అక్షరాలతో, వాడుక మాటల్లో రాసింది. పోస్టాయన జీవితంలో అంత స్పష్టంగా రాసిన కాగితం చూడలేదు. ఆమె చేసిన ఘోరమైన పొరపాటు అదే.

మర్నాడు కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు చీటీని ఎండకేసి ఎత్తి, వెనక్కి తిప్పి, పైకి చదివాడు.

"'కాలికి రక్తం తెచ్చే గొట్టం పూడిపోతోంది.' అంతేనా?"

"అంతేనండి."

"ఏమండీ, ఇది నాకు అర్థమవుతోంది."

"అవునండి."

"మాస్టారికీ అర్థమవుతోంది. అదుగో, ఆ ఊడ్చే ఆమె నవ్వుతోందంటే ఆమెకూ అర్థమైంది. ఊడ్చేవాళ్లకు కూడా అర్థమయ్యేది రోగమెలా అవుతుందండీ? దీన్ని బాధ అంటారు. గొట్టం పూడిపోతే కుళాయి బాగుచేసేవాణ్ణి పిలవాలి గాని సంఘానికి దరఖాస్తు పెట్టుకుంటారా?"

తర్వాత ఆయన లేచి నిలబడి చిన్న ఉపన్యాసం చేశాడు. "మిత్రులారా! మన పూర్వులు నొప్పులతో బతికారు, నొప్పులతో పోయారు. వాళ్లకి పేర్లు లేవు. వాళ్లెవరో ఇవాళ మనకి తెలుసా? తెలియదు. మనం అభివృద్ధి చెందాం. బాధ నుంచి రోగానికి, రోగం నుంచి రోగనామానికి ఎదిగాం. ఇవాళ ఒక సోదరుడి కాలు కోసం ఈ ప్రమాణాలను దించుకుందామా?"

దించుకోవద్దని అందరూ చప్పట్లు కొట్టారు. దర్జీ చేతులు ఎలాగూ వణుకుతూనే ఉంటాయి కాబట్టి ఆయన కూడా కొట్టినట్టే రాసుకున్నారు.

అయితే సంఘం మరీ కర్కశమైనదేమీ కాదు. పాపం, పెద్దమనిషి, తానే స్వయంగా వచ్చాడు గదా అని 'వైద్య పదావళి' తెరిచారు. ఈయన నడుస్తూ నడుస్తూ ఆగిపోతాడు కాబట్టి ఇది కదలికల లోపం, రెండో అధ్యాయం అని డ్రిల్లు మాస్టారు తేల్చాడు. అందులో 'ఫ్రీజింగ్ ఆఫ్ గెయిట్' అనే మాట దొరికింది: నడుస్తున్నవాడి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు కావడం.

"అది నాకొస్తుందండీ" అన్నాడు దర్జీ. "నాకు తెలుసు అదెలా ఉంటుందో. నొప్పుండదు, కాలు మాట వినదు, అంతే. బావది అది కాదు. బావ నొప్పితో ఆగుతాడు."

"మీరు రోగి, దర్జీగారూ. రోగికి రోగం గురించి ఏం తెలుస్తుంది?" అన్నాడు అధ్యక్షుడు, నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

ఆ విధంగా పోస్టాయనకు తాత్కాలిక రోగనామం మంజూరైంది. తాత్కాలిక రోగనామం కలవారు బెంచీపై కూర్చోరాదు. ఒక చేయి ఆనించవచ్చు. డాక్టరమ్మ చీటీని తదుపరి పరిశీలన నిమిత్తం ఫైలులో కుట్టేశారు. పెద్దాసుపత్రికి వెళ్లమన్న మాట కూడా ఆ చీటీలోనే ఉంది గనక అది కూడా పరిశీలనలో చేరింది.

"చీటీ ఏదయ్యా?" అంది భార్య ఆ సాయంత్రం.

"కమిటీ దగ్గరుంది."

"పెద్దాసుపత్రికి ఏం చూపిస్తావు?"

"అడిగానే. ఫైల్లోకి వెళ్లిన కాగితం బయటికి రావాలంటే తీర్మానం కావాలట."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

ఆవిడ నెత్తి కొట్టుకుని, రెండో చీటీ కోసం తానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మను నెలన్నర శిక్షణకు పంపారట. రోగులతో ఎలా మాట్లాడాలి అనే విషయం మీద.

ఈలోగా సంఘం పోస్టాయనను గాలికి వదిలేయలేదు. కాళ్లు అతుక్కుపోయే వాళ్లకు తాళం వేస్తే నడక సాగుతుందని పుస్తకంలో ఉంది. కాబట్టి రోజూ పొద్దున్నే డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని పోస్టాయన పక్కన పరిగెత్తసాగాడు. రెండొందల అడుగులయ్యేసరికి ఈల గట్టిగా మోగేది. "ఆగొద్దు! ఆగితే రోగం గెలుస్తుంది! ఒకటి, రెండు! ఒకటి, రెండు!" పోస్టాయన ఆగకుండా నడిచాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూసి, చికిత్స పనిచేస్తోందని మినిట్సులో రాశారు.

పైగా సంఘం తరఫున ఒక జత కాన్వాసు బూట్లు బహూకరించారు. సభ్యులందరికీ ఒకే కొలత బూట్లు. సమానత్వం విషయంలో సంఘం రాజీపడదు. ఆ కొలత అధ్యక్షుడి పాదానిది.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆయనెందుకు వెళ్లాలి, ఇంట్లో కూర్చోవచ్చు గదా అని. భార్య కూడా అదే అడిగింది. పోస్టాయన చాలాసేపు ఆలోచించి, "నడవమంది కదే డాక్టరమ్మ" అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఆయన ఎవరికీ చెప్పలేదు. చిరునామా సరిగా లేని ఉత్తరాన్ని కూడా ఆయన ఏనాడూ చెత్తబుట్టలో వేయలేదు. ఇంటింటికీ తిరిగి అడిగి, ఎవరిదో వాళ్లకు చేర్చేవాడు. ఇప్పుడు తన కాలు అలాంటి ఉత్తరంలా చేతిలో ఉంది. ఎవరికో ఒకరికి అందజేయాలి. పుచ్చుకునేవాళ్లు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లే అని, చదువుకున్నవాళ్లు కదా అని, ఆయన నమ్మాడు.

మూడో వారంలో బొటనవేలి పక్క వేలు గీరుకుంది. బఠాణీ గింజంత పుండు. భార్య బూటు విప్పి చూసి, "ఇదేంటయ్యా?" అంది.

"గీరుకుంది."

"ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

"పది రోజులైనా మానలేదా?"

పోస్టాయన పుండు సంగతి సంఘంలో ప్రస్తావించాడు. మాస్టారు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. పుండుకు అధ్యాయం లేదు. ఊడిపోయిన పేజీల్లో ఉందేమోనని దర్జీ అన్నాడు గాని, లేని పేజీల ఆధారంగా సంఘం నిర్ణయాలు తీసుకోదు. నల్లబడిన వేలిని చూసి అధ్యక్షుడు, "బూటు రంగు దిగింది, తడపకండి" అని సలహా ఇచ్చాడు.

డాక్టరమ్మ శిక్షణ ముగించుకుని వచ్చిన రోజునే భార్య ఆయనను రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. డాక్టరమ్మ పాదం చూసింది. శిక్షణలో నేర్పిన మాటలేవీ ఆమె నోటికి రాలేదు.

"పరీక్ష చేయించుకోలేదా?"

"చీటీ పరిశీలనలో ఉందమ్మా."

"నొప్పి వస్తే కూర్చోమన్నాను కదా తాతగారూ! రాసి కూడా ఇచ్చాను కదా!"

"కూర్చోనివ్వలేదమ్మా."

"ఎవరు?"

"పేరున్నవాళ్లు."

ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి పెద్ద డాక్టర్లు నలుగురు మంచం చుట్టూ నిలబడి, డాక్టర్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ భాష వింటున్నప్పుడు పోస్టాయనకు ఆ స్థితిలో కూడా కాస్త గౌరవంగా అనిపించింది. ఒక నెల ముందొచ్చి ఉంటే గొట్టం బాగుచేసి ఉండేవాళ్లమని చివర్లో ఒకాయన మామూలు మాటల్లో చెప్పాడు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద రోగనామం పూర్తిగా, మూడు వరుసల్లో, గుండ్రటి ముద్రతో సహా ఉంది. ఆ కాగితం నకలును దర్జీ పార్కుకు తీసుకెళ్లాడు. నిజానికి ఆయన వాళ్లను తిట్టడానికే వెళ్లాడు. "చూడండి, మీ వల్ల..." అంటూ కాగితం ముందుకు చాపాడు. ఆయన చేయి వణుకుతోంది. అది జబ్బు వణుకో కోపం వణుకో తెలుసుకోకుండానే అధ్యక్షుడు కాగితం అందుకుని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చదివాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మూడు వరుసలు!" అన్నాడు. "మన సంఘం పుట్టాక ఇంత పేరు రాలేదు!"

సన్మానానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. బ్యాడ్జీ కుట్టే పని మళ్లీ దర్జీ మీదే పడింది. ఆయన వద్దనలేదు. అక్క ఇంటి వరండాలో, బావ మంచం పక్కనే కూర్చుని మూడు వారాలు కుట్టాడు. ఒక్కో అక్షరం ఒక్కో పక్కకు ఒరిగింది.

"వంకరగా వచ్చింది బావా."

"నీ చేతిరాత కదరా. బాగుంది."

"పేరు రాకముందు నాకు పనుండేది బావా. పేరొచ్చాక ఒక్కడూ చొక్కా కుట్టమని రాలేదు. ఇదే మొదటి పని."

పోస్టాయన సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు.

సన్మానం రోజున బెంచీకి కొత్తగా రంగు వేశారు. చిక్కటి నీడలో, నడిమధ్య, డ్రిల్లు మాస్టారు తన తువ్వాలును స్వచ్ఛందంగా తొలగించి త్యాగం చేశాడు. సంఘం సభ్యులంతా బ్యాడ్జీలు తుడుచుకుని వరుసగా నిలబడ్డారు. పోస్టాయన వచ్చాడు. భార్య తోసుకుంటూ వస్తున్న చక్రాల కుర్చీలో వచ్చాడు. కాళ్లుండగా చక్రాలెందుకన్న మనిషి మాట తప్పలేదు.

అధ్యక్షుడు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "సోదర సోదరీమణులారా! నాలుగు నెలల కిందట ఈ పెద్దమనిషి మన దగ్గరికి వట్టి నొప్పితో వచ్చాడు. మనం నిరాశపరచలేదు. వెన్నుతట్టాం. నడిపించాం. ఈల వేశాం. బూట్లు ఇచ్చాం. ఆ ప్రోత్సాహం వల్లనే ఇవాళ ఆయన ఇంత పెద్ద పేరు తెచ్చుకున్నాడు! ఈ బెంచీ మీది ప్రథమ స్థానాన్ని శాశ్వత హక్కుతో ఆయనకు సమర్పిస్తున్నాం. దయచేసి వచ్చి కూర్చోవలసిందిగా కోరుతున్నాం!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. తీరా చూస్తే కూర్చోమన్న మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"కుర్చీ తెచ్చుకున్నాడు లెండి" అంది భార్య. "మీ బెంచీకి శ్రమ ఎందుకని."

బ్యాడ్జీ గుచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. పోస్టాయన చూపు జనం దాటి, బాట మీదికి పోయింది. అక్కడ ఆకులు ఊడ్చే ఆమె చీపురు కర్ర మీద బరువేసి, ఒక పాదం నేలకు ఆనీ ఆనకుండా పెట్టి నిలబడి ఉంది. పోస్టాయన కుర్చీ చక్రాలు తానే తిప్పుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఎన్ని అడుగులకమ్మా?"

ఆమెకు వెంటనే అర్థమైంది. "ముప్ఫై అయ్యా. పోయినేడు వందయ్యేది."

"రా. కూర్చో."

"వద్దయ్యా. నాకు పేరు లేదు."

పోస్టాయన తన బ్యాడ్జీ ఊడదీసి ఆమె భుజానికి గుచ్చాడు. ఆమె చీపురు కింద పెట్టి, బెంచీ దాకా వెళ్లి, నడిమధ్య, చిక్కటి నీడలో కూర్చుంది.

"పోస్టాయనగారూ!" అన్నాడు అధ్యక్షుడు. "రోగం బదిలీ చేయకూడదండీ! నిబంధనలు ఒప్పుకోవు!"

"మీ అన్నగారిది మీకు బదిలీ అయింది కదండీ."

"అది కారుణ్యం!"

"ఇదీ అదేనండి."

ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలోనూ, ఆ తర్వాతా పోస్టాయన ఒక గంటలో ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఇంటికి పదమని భార్యకు సైగ చేశాడు. పోతూ పోతూ ఊడ్చే ఆమెతో డాక్టరమ్మ ఆసుపత్రి ఎటువైపో, ఏ రోజుల్లో ఉంటుందో చెప్పి, "చీటీ ఇస్తే ఎవరికీ ఇవ్వకమ్మా" అన్నాడు.

ఆనాటి మినిట్సులో ఇలా ఉంది: "సన్మాన సభ జయప్రదంగా ముగిసింది. పారిశుధ్య సిబ్బందిలో ఒకరు నాలుగు నిమిషాల సేపు బెంచీని ఆక్రమించారు. బ్యాడ్జీ స్వాధీనం చేసుకోబడినది. ఇకపై రోగనామములు రక్తసంబంధీకులకు మాత్రమే బదిలీ చేయబడును." ఆ నాలుగు నిమిషాల్లో అక్కడున్న ఇరవై ముగ్గురిలో ఎక్కడమ్మా నొప్పి అని అడిగినవాళ్లు లేరు కాబట్టి, ఆ విషయం మినిట్సులో లేదు.

బ్యాడ్జీ ఇప్పుడు అద్దాల పెట్టెలో, బోర్డు పక్కన వేలాడుతోంది. దారినపోయేవాళ్లు ఆగి, వంకర అక్షరాలు కూడబలుక్కుని చదివి, అబ్బో అనుకుని పోతున్నారు.

చదువుతున్నవారికి ఒక మనవి. పోస్టాయనకు ఏ కాలు పోయిందో ఈ కథలో ఎక్కడా చెప్పలేదు. ఆ మూడు వరుసల పేరేమిటో కూడా చెప్పలేదు. ఈ రెండింటిలో మీకు మొదట ఏది అడగాలనిపించిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పేరే అనిపించి ఉంటే మొహమాటపడకండి. బెంచీ నడిమధ్య చోటు ఖాళీగానే ఉంది.